ఎన్ని విస్తళ్లు?

"ఎంతమందికి వండాలి?" అని వంటాయన అడిగాడు. "రెండు వందల మందికి" అన్నాను. గోడవారగా కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతున్న పెద్దవ్వ చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"ఎవరికి రా వడ్డిస్తావు? ఊరంతా సుగ్గికి పోయింది కదా!"

నాయన మొదటి సంవత్సరీకం అది. మాఘమాసం. బెంగళూరులో రాత్రి రైలెక్కి తెల్లవారుజామున ఆదోనిలో దిగి, వంటాయనను, వంటసామాను, రెండు కట్టల మోదుగాకు విస్తళ్లను ఆటోలో వేసుకుని ఊరికి వచ్చాను. నాయన తన ఉద్యోగంలో ఎక్కువ ఏళ్లు మా ఊరి బడిలోనే గడిపాడు. ఊళ్లో నలభై దాటినవాళ్లలో ఆయన చేత చెవి మెలిపెట్టించుకోనివాళ్లు అరుదు. ఇల్లిల్లూ పిలిచి అన్నం పెట్టాలనుకున్నాను. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాణ్ణి, మాఘంలో మా వీధులు ఎలా ఉంటాయో మరిచిపోయి రెండు వందల విస్తళ్లు కొన్నాను. పట్నం కాపురం మనిషిని ఇంత మొద్దును చేస్తుందని అనుకోలేదు.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద వైపు వాళ్లకు సుగ్గి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, సంబరాల కాలం. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న మాకు సగం కన్నడం ఎలాగూ వచ్చు గనుక ఆ మాట తెచ్చుకున్నాం, అర్థం మాత్రం తిరగబడింది. మా దగ్గర సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో, చట్టీకుండలతో కూలికి తరలిపోవడం. వానను నమ్ముకున్న మా చేలల్లో పైరు ఇల్లు చేరాక చేతికి పని ఉండదు. సరిగ్గా అప్పుడే గుంటూరు వైపు పత్తి తీతలు, వాటి వెనకే మిరప కోతలు. సంక్రాంతి వెళ్లగానే ఊరు ఖాళీ అవుతుంది, ఉగాదికి నిండుతుంది.

పిలుపులు చెప్పడానికి వీధిలోకి వెళ్లాను. మూడిళ్లకు ఒక ఇల్లు తెరిచి ఉంది. తాళం వేసిన తలుపులకు అడ్డంగా, కుక్కలూ మేకలూ దూరకుండా తుమ్మకంప పెట్టారు. తెరిచి ఉన్న ఇళ్లలో ముసలివాళ్లు, వాళ్ల చుట్టూ పక్కింటివాళ్లు అప్పజెప్పి పోయిన కోళ్లు. ఒక తాత దగ్గర మూడిళ్ల కోళ్లున్నాయి. ఏ ఇంటి కోడికి ఆ ఇంటి రంగు దారం కాలికి కట్టి ఉంచాడు.

తిరిగి మా ఇంటి గుమ్మం ఎక్కుతుంటే కనిపించింది. తలుపు పక్కన సున్నం పెచ్చు ఊడిపోయింది. దాని కింద ఇంకో పొర, దాని కింద మరో పొర, అన్నిటికంటే అడుగున జాజుతో, అంటే ఎర్రమట్టితో, వేసిన అంకె. పదిహేడు. ఏడుకు నడుమ చిన్న అడ్డగీత. ఆ గీత నాయన అలవాటు. కానీ అది రాసింది నాయన కాదు, నేను. నాయన జాజు డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

* * *

ఆ అంకె వేసిన రోజుల్లో మా ఊరికి బస్సుండేది. రాత్రి ఎనిమిది దాటాక వచ్చి, ఊళ్లోనే పడుకుని, తెల్లవారగానే వెళ్లిపోయే ఎర్రబస్సు. అందరూ దాన్ని నైటాల్టు అనేవారు. మా అవ్వ అది డ్రైవరు పేరనుకునేది. "నైటాల్టుకు ఇంకొంచెం మజ్జిగ పొయ్యండి" అనేది. ఆయనా పలికేవాడు.

ఆదోని నుంచి కౌతాళం పోయే రోడ్డు మీద మా క్రాసు. క్రాసు నుంచి ఊరు నాలుగు కిలోమీటర్లు, నడుమ ఒక వంక, అంటే వాగు. చెట్టూ గుట్టా అడ్డులేని నేల గనుక క్రాసు దగ్గర బస్సు మలుపు తిరగడం ఊళ్లోంచే తెలిసేది. దీపాల వెలుగు చేల మీద ఒకసారి చీపురుతో ఊడ్చినట్టు పోయేది. రచ్చకట్ట మీద కూర్చున్న పిల్లలం "వచ్చింది, వచ్చింది" అని అరిచేవాళ్లం. కాసేపటికి వెలుగు మాయమయ్యేది. వంకలో దిగిందన్నమాట. అది మళ్లీ పైకి తేలేదాకా ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు.

ఊళ్లో గడియారాలు నాలుగో ఐదో ఉండేవి గానీ ఏ రెండూ ఒక మాట మీద నిలిచేవి కావు. పొద్దున బస్సు కొట్టే మూడు హారన్లే ఊరికి గడియారం. మొదటిది చీకటి ఉండగానే, డ్రైవరు ఇంజను వేడెక్కించేటప్పుడు. దానికి ఆడవాళ్లు లేచి పొయ్యి రాజేసేవారు. రెండో హారన్‌కు జొన్నరొట్టెల మూట కట్టి ఉండాలి. మూడో హారన్ అయ్యాక కండక్టరు తాడు లాగి గంట కొట్టి "రైట్" అన్నాడంటే ఇక దేవుడు దిగివచ్చినా ఆగదనేవారు. ఆగేది. కాన్పుకు పుట్టింటికి పోయే పిల్ల కోసం ఆగింది, తప్పిపోయిన మేకపిల్ల కోసం ఆగింది, ఒకసారి మా చిన్నాయన చెప్పుల కోసం కూడా ఆగింది.

లోపల ఎప్పుడూ ఒకటే వాసన. డీజిలు, పచ్చి వేరుశనగ, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఎవరి జడలోనో వాడిపోయిన కనకాంబరాలు. బస్సు మీద పత్తి మూటలు. వెనక నిచ్చెన ఎక్కి వాటిని సర్దడానికి పోటీ పడేవాళ్లం. ఆ పత్తి వెళ్లేది ఆదోని మార్కెట్టుకు. పత్తి మిల్లులూ బేరగాళ్లూ కిటకిటలాడే ఆదోనిని మా పెద్దలు రెండో బొంబాయి అనేవారు. మొదటి బొంబాయిని చూసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు గనుక ఎవరూ కాదనేవారు కాదు. నాకైతే ఆదోని అంటే బస్టాండు పక్కన పొట్లంలో కట్టిచ్చే ఉగ్గాని, మీద రెండు మిరపకాయ బజ్జీలు. తడిసిన బొరుగుల్లో నిమ్మకాయ, పుట్నాలపొడి, పచ్చిమిర్చి. ఇప్పటికీ ఆదోని స్టేషన్లో దిగితే ముందు కాళ్లు అటే పోతాయి.

డ్రైవరుకూ కండక్టరుకూ ఊరివాళ్లు వంతులు వేసుకుని అన్నం పెట్టేవారు. శనివారం మా వంతు. తిన్నాక డ్రైవరు బస్సు మీదకెక్కి పడుకునేవాడు. కండక్టరు మాత్రం మా వసారాలో లాంతరు దగ్గరికి జరిగి రేకుపెట్టె తెరిచేవాడు. రంగురంగుల టిక్కెట్ల కట్టలు, చిల్లర సంచి, ఎస్సార్ కాగితం. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అన్నీ ఆ కాగితంలో గడుల్లో నింపాలి. ఎదురుగా నాయన హాజరుపట్టీ ముందేసుకుని కూర్చునేవాడు. ఇద్దరూ తలలు లెక్కపెట్టే ఉద్యోగాలవాళ్లే. ఒకరి లెక్క తప్పితే చేతి డబ్బు పోతుంది, ఇంకొకరి లెక్క తప్పినా ఎవరూ అడగరు. అయినా నాయనే ఎక్కువసేపు కూర్చునేవాడు.

మా అబ్బ, అంటే తాత, ఆ వసారాలోనే మంచం మీద పడుకుని మాటలు విసిరేవాడు. "బస్సంటే తేలికనుకోవద్దు రా. కర్నూలు బస్సులు ముఖ్యమంత్రినే దింపినాయి." అది అబ్బ కోతేమీ కాదు. జిల్లాలో ప్రైవేటువాళ్లు నడిపే రూట్లను ప్రభుత్వం జాతీయం చేయబోతే ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ తీర్పు తర్వాతే 1964లో నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1977లో ఆయన రాష్ట్రపతి అయ్యారనుకోండి. ఆ కబురు మా అబ్బకు పెద్దగా పట్టలేదు, బస్సులతో సంబంధం లేదు గనుక.

* * *

నల్లరేగడి గురించి తెలియనివాళ్లకు ఒక మాట. ఎండాకాలంలో ఆ నేల పాదం దిగేంత నెర్రెలు విచ్చుతుంది. నాలుగు చినుకులు పడితే జిగురైపోతుంది. చెప్పులతో నడిస్తే ప్రతి అడుగుకూ చెప్పు కింద ఇంకో చెప్పు మొలుస్తుంది, పది అడుగులకు మనిషి జానెడు పొడుగవుతాడు. అందుకే వానాకాలంలో మా ఊరివాళ్లు చెప్పులు చంకలో పెట్టుకుని నడిచేవారు. అలాంటి దారిలో బస్సంటే అది డ్రైవరు మొండితనమే తప్ప రోడ్డు గొప్పతనం కాదు. మబ్బు పట్టిన రోజున క్రాసు దగ్గరే దింపేసేవాడు. చీకట్లో, వంకలో నడుములోతు నీళ్లలో, తల మీద మూటలతో ఆడవాళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వచ్చేవారు.

ఒక ఏడు వానదేవుడు మమ్మల్ని మోసం చేశాడు, కాదు, డ్రైవరును మోసం చేశాడు. బస్సు ఊళ్లోకి వచ్చి పడుకున్నాక నడిరాత్రి మొదలైంది వాన. పొద్దున మూడు హారన్లూ అయ్యాయి. బస్సు ఊరు దాటి పొలిమేర దాకా వెళ్లి, వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడి, అక్కడే కూర్చుండిపోయింది.

మూడు రోజులు కదల్లేదు. వంక పొంగి అటునుంచి ఎవరూ రాలేదు. మాకు అంతకంటే పండగ ఏముంటుంది! బడి పిల్లలమంతా బస్సులోనే. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పాలంటే వంతుకు ఒక దోసకాయ ఇవ్వాలి. ఆ వసూళ్లు డ్రైవరే చేసేవాడు. మధ్యాహ్నం అబ్బతో పులిజూదం. మూడు రోజుల్లో ఆయన ఒక్క ఆటా గెలవలేదు. కండక్టరు మాత్రం కలెక్షను లేదని, ఏం రాయాలో తెలియదని ఖాళీ ఎస్సార్ కాగితం పట్టుకుని తిరిగేవాడు. "ఎక్కినవారు సున్నా, దిగినవారు సున్నా, దిగబడినవారు ఇద్దరు అని రాయండి" అన్నాడు నాయన. నాయన హాస్యమాడగా నేను విన్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

నాలుగో రోజు నాలుగు జతల ఎద్దులను కట్టారు. మోకులు బిగిశాయి, ఊరంతా వెనకనుంచి తోసింది, బస్సు కదిలింది. కదలగానే డ్రైవరు సంతోషం పట్టలేక, అలవాటు కొద్దీ, హారన్ కొట్టాడు. ఎనిమిది ఎద్దులూ బెదిరి ఎనిమిది దిక్కులకు లాగాయి. రెండు మోకులు తెగాయి. మా చిన్నాయన జత కాడితో సహా వేరుశనగ చేలో పడి పారిపోయింది. బస్సు మళ్లీ అదే గుంటలో కూర్చుంది. "నీకు దండం పెడతాను సామీ, ఆ గొంతు మాత్రం విప్పకు" అని చిన్నాయన బురదలో నిలబడి చేతులు జోడించాడు. సాయంత్రానికి గానీ బయటపడలేదు.

* * *

1991 జనాభా లెక్కలకు మా ఊరు నాయనకు అప్పజెప్పారు. లెక్క రెండు విడతలు. ముందు ఏడాది ఇళ్లకు నంబర్లు వేయాలి, మరుసటి ఫిబ్రవరిలో మనుషుల్ని రాయాలి. ఎండాకాలం సెలవుల్లో జాజు నానబెట్టి, తుమ్మజిగురు కలిపి, ఈతపుల్ల కొస చితక్కొట్టి కుంచె చేసుకుని ఇద్దరం బయలుదేరాం. తడిసిన జాజు వాసన తొలకరి మట్టివాసనకు దగ్గరగా ఉంటుంది, ఇంకొంచెం ఇనుము కలిపినట్టు. మొదటి ఇళ్లన్నీ నాయన రాశాడు. మా ఇంటికి వచ్చేసరికి కుంచె నా చేతికిచ్చాడు.

ఊరి పటం కూడా వేయాలి. పక్కా ఇంటికి చదరం, కచ్చా ఇంటికి త్రికోణం. ఇక్కడే పేచీ వచ్చింది. మా వైపు ఇళ్లు రాతిగోడలు, పైన మట్టి మిద్దెలు. గోడ చూస్తే చదరం, కప్పు చూస్తే త్రికోణం. నిబంధన ప్రకారం నాయన త్రికోణం వేశాడు. పదో నంబరు ఇంటి పెద్దమనిషికి ఎవరు చెప్పారో, పరుగున వచ్చాడు. "అయ్యవారూ, మా అబ్బ కట్టిన మిద్దె అది. పంటకాలంలో పదిమంది పైన పడుకుంటారు. దానికి గుడిసె గుర్తు వేస్తారా?" నాయన నచ్చజెప్పాడు. ఆయన వినలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన నాయనను 'త్రికోణం అయ్యవారు' అనే పిలిచాడు.

ఫిబ్రవరి తొమ్మిది నుంచి ఇరవై ఎనిమిది దాకా మనుషుల లెక్క. ఇంటింటికీ తిరిగి ఒక్కొక్కరికి ఒక చీటీ రాయాలి. వయసు అడిగితే ముసలివాళ్లు నవ్వేవారు. అప్పుడు నాయన వేరే దారిలో వచ్చేవాడు. గంజి కేంద్రాలు పెట్టిన కరువు గుర్తుందా? అది 1952. తుంగభద్ర డ్యాము నాటికి నీకు పెళ్లయిందా? కర్నూలు రాజధాని అయిన ఏడు నీ పెద్దకొడుకు ఎంత? అది 1953. కరువుకు చంకలో ఉన్న పిల్ల, డ్యాముకు నడిచిన పిల్ల అంటూ కూడి తీసి వయసు పట్టేవాడు. మాతృభాష అడిగితే ఒకాయన "ఎద్దులతో కన్నడం, ఇంట్లోవాళ్లతో తెలుగు, కోపమొస్తే రెండూ" అన్నాడు. ఆడవాళ్లను పని అడిగితే మగవాళ్లు "ఏ పనీ లేదు, ఇంట్లోనే" అని చెప్పేసేవారు. ఆ ఏడు లెక్కల్లో సొంత చేలో కూలిలేకుండా చేసే పనినీ పనిగా రాయమన్నారు. ఆ ఒక్క విషయంలో నాయన మగవాళ్లతో గట్టిగా వాదించేవాడు. "కలుపు ఎవరు తీశారు? వేరుశనగ ఎవరు వలిచారు?" అని నిలదీసి మరీ రాసుకునేవాడు.

ఇంతా చేసి, రాయడానికి మనుషులేరీ? సగం ఇళ్లకు తాళాలు. ఆ శనివారం కండక్టరు అన్నం తింటూ అన్నాడు: "సార్, మీకిప్పుడు ఎవరు దొరుకుతారు? జనవరిలోనే వాళ్లందరికీ నేను టిక్కెట్లు కొట్టాను." అప్పట్లో లారీలు తక్కువ. సుగ్గికి పోయేవాళ్లు మా బస్సులో ఆదోని వెళ్లి, రైల్లో గుంతకల్లు చేరి, అక్కడ గుంటూరు వైపు పోయే చిన్న పట్టాల రైలెక్కేవారు. ఎవరెవరు ఏ రోజు పోయారో, ఎవరి చంకలో ఎంత పిల్ల ఉందో కండక్టరు వరసగా చెప్పుకుపోయాడు. అర టిక్కెట్లతో సహా.

నిబంధన ఏమిటంటే, ఆ ఇరవై రోజుల్లో ఒక్క రోజైనా ఊళ్లో ఉన్నవాళ్లను ఇక్కడ రాయాలి. మొత్తం రోజులు లేనివాళ్లను ఎక్కడ ఉంటే అక్కడే రాస్తారు. మా ఊరి తాత ఒకాయన నాయన చెయ్యి పట్టుకున్నాడు. "నా ఇద్దరు కొడుకుల్ని రాయి అయ్యవారూ. వాళ్లెక్కడికి పోతారు? ఉగాదికి వస్తారు కదా." నాయన రాయలేదు. ఆ సుగ్గికి మా చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ల పాలుతాగే పిల్ల కూడా పోయారు. వాళ్లనూ రాయలేదు. సొంత తమ్ముణ్ణి లెక్కలోంచి తీసేశాడని అవ్వ రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు.

ఫిబ్రవరి ఆఖరి రాత్రి ఇల్లూవాకిలీ లేనివాళ్లను రాయాలి. లాంతరు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. గుడి అరుగు మీద గాజులమ్ముకునే కుటుంబం పడుకుని ఉంది. తల్లీతండ్రీ ముగ్గురు పిల్లలు. మర్నాడు పొద్దున మా బస్సులోనే వెళ్లిపోయారు. ఆ ఐదుగురూ మా ఊరి జనాభా అయ్యారు. మా చిన్నాయన కాలేదు.

* * *

ఉగాది ముందు సుగ్గివాళ్లు తిరిగి వచ్చేవారు. బస్సు వంక దాటకముందే తెలిసిపోయేది, ఘాటుకు. తలా ఒక ఎండుమిరప సంచి, బట్టల్లో మిరప, జుట్టులో మిరప. రచ్చకట్ట మీద తుమ్ములే తుమ్ములు. చిన్నమ్మ అరచేతులు నెల దాకా మంట తగ్గేవి కావు, ఆముదం రాసుకుని కూర్చునేది. ఆ చేతులతో నా బుగ్గ పట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ప్రేమకు ఘాటుంటుందని నేను చాలాకాలం నమ్మాను.

"అక్కడ ఎవరైనా మిమ్మల్ని రాసుకున్నారా?" అని నాయన ఆ ఏడు అందరినీ అడిగాడు. కొందరు రాసుకున్నారన్నారు. కొందరు "చేలో పరదాల కింద ఉన్నాం, ఎవరొచ్చారో ఎవరికి తెలుసు?" అన్నారు.

* * *

బస్సు ఒక్కరోజులో పోలేదు. మొదట జీపులు వచ్చాయి, తర్వాత ఆటోలు. చెయ్యి ఎత్తిన చోట ఆగేవి, ఎంతమందినైనా ఎక్కించుకునేవి. కిలోమీటరుకు ఇంత రావాలని బస్సుకు ఒక లెక్క ఉంటుంది. అది తగ్గుతూ వచ్చింది. ముందు నైటాల్టు పోయింది, తర్వాత పొద్దున ట్రిప్పు, ఆఖరికి క్రాసు దగ్గర ఆగి పోయే బస్సే మిగిలింది. బస్సు పోయిందని బాధపడనివాళ్లు ఊళ్లో లేరు. జీపెక్కనివాళ్లూ లేరు, నాతో సహా. కండక్టరు ఆఖరి శనివారం అన్నం తిని, అవ్వ కాళ్లకు మొక్కి వెళ్లాడు. అవ్వ అప్పుడూ "నైటాల్టును అడిగినానని చెప్పు" అంది.

2001 లెక్కలు కూడా నాయనే రాశాడు. నేను అప్పటికి బెంగళూరులో ఉన్నాను. మళ్లీ ఫిబ్రవరే, మళ్లీ తాళాలే. తేడా ఏమిటంటే, సరిగ్గా అంతకు రెండు నెలల ముందు, 2000 డిసెంబరులో, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. పల్లెలకు తారురోడ్లు వేసే పథకం. మైదాన ప్రాంతంలో ఐదు వందలు, ఆపైన జనం ఉన్న పల్లెలకు రోడ్డు, కొండ ప్రాంతాలకూ ఎడారి ప్రాంతాలకూ రెండు వందల యాభై చాలు. జనాభాకు ఆధారం 2001 లెక్కలు. లెక్కలు రాసేటప్పుడు మా ఊళ్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు, నాయనకూ తెలియదు. మా ఊరి లెక్క ఐదు వందలకు ముప్పై చిల్లర తక్కువ తేలింది.

ఎప్పుడో రెండు మూడేళ్ల తర్వాత తెలిసింది ఆయనకు. నాకు చెప్పలేదు. అమ్మ చెప్పింది, ఆ రాత్రి అన్నం తినకుండా ట్రంకుపెట్టె తెరిచి కూర్చున్నాడని.

ఆ ట్రంకుపెట్టె సంవత్సరీకం రోజున నేను తెరిచాను. అడుగున అట్ట వేసిన పాత నోటుబుక్కు. ముందు పేజీల్లో ఊరి పటం, చదరాలు, త్రికోణాలు, ఇంటి వరసన పేర్లు. అది చిత్తుప్రతి. పుస్తకం తిరగేసి వెనకనుంచి తెరిస్తే ఇంకో జాబితా. శీర్షిక ఏమీ లేదు. పేర్లు, వయసులు, పక్కన సుగ్గికి పోయిన తేదీ. 1991లో పోయినవాళ్లు ముందు, 2001లో పోయినవాళ్లు తర్వాత. మా చిన్నాయన పేరు రెండు చోట్లా ఉంది. పాలుతాగే పిల్లకు "9 నెలలు" అని రాశాడు. 2001 జాబితా ఆఖరున ముందు పేజీల మొత్తం, దాని కింద ఈ పేజీల మొత్తం, కూడికకు గీత. గీత కింద ఏమీ రాయలేదు.

నేను కూడాను. ఐదు వందలు సులువుగానే దాటింది.

* * *

2011 లెక్కల పుస్తకాన్ని ఈ మధ్య కంప్యూటర్లో చూశాను. ఒక్కో ఊరికి ఒక్కో వరస. బస్సు ఉందా, రైలుందా, పోస్టాఫీసు ఉందా అని గడులు. లేకపోతే అది ఎంత దూరంలో ఉందో తెలిపే ఒక ఇంగ్లీషు అక్షరం వేస్తారు. ఐదు కిలోమీటర్ల లోపైతే 'ఏ', పది లోపైతే 'బీ', ఆపైన 'సీ'. మా ఊరికి బస్సు గడిలో 'ఏ' ఉంది. నాలుగు కిలోమీటర్ల నల్లరేగడికీ వంకకూ బడిలో ఇచ్చినట్టు మొదటి ర్యాంకు!

ఇప్పుడు తారురోడ్డుంది. వేరే ఏదో పథకంలో, నాయన బతికుండగానే పడింది. వంక మీద వంతెన వచ్చింది. బస్సు మాత్రం రాలేదు, ఇంటికో మోటారుసైకిలు ఉంది గనుక అడిగేవారూ లేరు. పెద్దవ్వ ఒక్కతే అడుగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో టిక్కెట్టు లేదు కదా. ఆధార్ కార్డుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి బొడ్లో పెట్టుకుంది. "క్రాసు దాకా ఆటోవాడికి ఇరవై ఇచ్చి, అక్కడినుంచి ఊరికే పోతాను" అంటుంది.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనాతో ఆగిపోయాయి. ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి, ఈసారి ఫోన్లలో రాస్తారట. ముందు ఇళ్లు, తర్వాత 2027 ఫిబ్రవరిలో మనుషులు. చిన్నాయన కూతురు, ఆ తొమ్మిది నెలల పిల్లే, ఇప్పుడు పక్క ఊళ్లో టీచరు. లెక్కల పని తనకూ పడుతుందని చెప్పింది. వంట పొయ్యి దగ్గర నిలబడి నోటుబుక్కు తిరగేసింది. పటం చూసి నవ్వింది. వెనక పేజీలకు వచ్చింది.

"పెదనాయన ఇవెందుకు రాశాడు అన్నా?"

"నీ పేరు కూడా ఉంది చూడు" అన్నాను.

వెతుక్కుంది. దొరికాక చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. తర్వాత ఫోను తీసి రెండు వైపులా ఫొటోలు తీసుకుంది.

భోజనాలకు నలభై మంది దాకా వచ్చారు. అందరూ ముసలివాళ్లు, బడి పిల్లలు. కోళ్ల తాత రెండుసార్లు పాయసం వేయించుకున్నాడు. పదో నంబరు ఇంటి పెద్దమనిషి కర్ర పట్టుకుని వచ్చి, మా తలుపు పక్కన అంకె ముందు ఆగి, "త్రికోణం అయ్యవారి చెయ్యి" అన్నాడు. నా చెయ్యి అని చెప్పలేదు. మధ్యాహ్నం చిన్నాయన గుంటూరు వైపునుంచి ఫోను చేశాడు. వెనక ఎవరో తుమ్ముతున్నారు. "ఎంతమంది తిన్నారు?" అని అడిగాడు. చెప్పాను.

మిగిలిన అన్నం ఆటోలో వేసి క్రాసు దగ్గరి బడికి పంపించాం. విప్పని కట్ట ఒకటి, విప్పిన కట్టలో అరవై దాకా విస్తళ్లు మిగిలాయి. వాటిని వంటాయనకు ఇచ్చేయబోతే పెద్దవ్వ లాక్కుంది. ఎలుకలు కొట్టకుండా గోనెపట్టాలో చుట్టి, తాడు కట్టి, అటక మీదికి ఎక్కించమంది.

"ఉండనీ రా. ఉగాదికి కావాలి" అంది.